కృప, రక్షణ: సంఘంలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ ఇచ్చిన వచనాలు మన సంఘాల్లో ఎక్కువగా చదివే పాత తెలుగు అనువాదంలోనివి. సంఘానికీ సంఘానికీ బోధ వేరుగా ఉన్నచోట ఆ సంగతి అక్కడే చెప్పాం.

కృప అంటే దేవుని జాలే కదా?

జాలి అందులో ఒక భాగం. అర్హత లేనివాడికి మేలు చేస్తే జాలి అనొచ్చు. శిక్షకు తగినవాడికి మేలు చేయడం, ఆ శిక్ష తాలూకు నష్టాన్ని మేలు చేసినవాడే భరించడం కృప. దీన్ని బైబిల్లో అన్నిటికన్నా చిన్న పత్రికల్లో ఒకటైన ఫిలేమోనులో కళ్లకు కట్టినట్టు చూడవచ్చు. అందులో ఉన్నవి 25 వచనాలే. ఒనేసిము అనే దాసుడు యజమాని ఫిలేమోనును విడిచి వెళ్లాడు, బహుశా నష్టం కూడా చేసి ఉంటాడు. చెరసాలలో ఉన్న పౌలు దగ్గర విశ్వాసి అయ్యాడు. అతన్ని తిరిగి పంపుతూ పౌలు ఇలా రాశాడు: "అతడు నీకు ఏ నష్టమైనను కలుగజేసినయెడలను, నీకు ఏమైన ఋణమున్న యెడలను, అది నా లెక్కలో చేర్చుము."

లెక్క ఎలా నడిచిందో గమనించండి. అప్పు లేదని పౌలు అనలేదు. ఫిలేమోను నష్టపోవాలనీ అనలేదు. బాకీ ఒకరి పేరు మీద నుంచి ఇంకొకరి పేరు మీదికి మారింది. దానికి ముందు వచనంలో (17) రెండో మార్పు ఉంది: నన్ను చేర్చుకున్నట్టే అతన్ని చేర్చుకో అన్నాడు. అంటే ఒనేసిము బాకీ పౌలుకు, పౌలుకు దక్కాల్సిన ఆదరణ ఒనేసిముకు. క్రీస్తు విషయంలో రోమా, గలతీ పత్రికలు చెప్పేది ఈ రెండు మార్పులనే. చాలా ప్రసంగాలు మొదటిదాన్ని చెప్పి ఆపేస్తాయి. అందుకే పాపక్షమాపణ దొరికిందని నమ్మేవాళ్లు కూడా దేవుడు తమను చేర్చుకున్నాడో లేదో అని ఏళ్ల తరబడి బెంగపడుతుంటారు.

దేవుడు ప్రేమామయుడైతే ఊరికే క్షమించవచ్చుగా? సిలువ ఎందుకు?

రోమా 3:25-26 జవాబు సూటిగా ఉంటుంది: దేవుడు తాను నీతిమంతుడుగా ఉండాలి, యేసునందు విశ్వాసం ఉంచినవాణ్ణి నీతిమంతుడని తీర్చేవాడుగానూ ఉండాలి. తప్పును తప్పు కాదని కొట్టిపారేస్తే మొదటిది పోతుంది. తప్పుచేసినవాణ్ణే శిక్షిస్తే రెండోది పోతుంది.

లేవీయకాండము 16లో ప్రాయశ్చిత్త దినాన రెండు మేకలు కనిపిస్తాయి. ఒకదాన్ని వధించి దాని రక్తాన్ని కరుణాపీఠం మీద, దాని ఎదుట ప్రోక్షించేవారు. రెండోదాని తల మీద ప్రధానయాజకుడు రెండు చేతులూ ఉంచి ప్రజల పాపాలన్నీ ఒప్పుకుని, దాన్ని అరణ్యానికి పంపేవాడు. ఒకటి మూల్యం చెల్లించడాన్నీ, మరొకటి పాపాన్ని కంటికి కనబడకుండా దూరం చేయడాన్నీ చూపిస్తాయి. సిలువను వివరించే తీరులో సంఘ చరిత్రలో తేడాలున్నాయి: తొలి శతాబ్దాల్లో సాతాను మీద విజయంగా, విమోచన క్రయధనంగా ఎక్కువగా చెప్పేవారు, 11వ శతాబ్దం చివర కాంటర్‌బరీకి చెందిన ఆన్సెల్మ్ దేవుని ఘనతకు జరిగిన లోటు తీర్చడంగా వివరించాడు, లూథర్, కాల్విన్ వంటి సంస్కరణవాదులు మనకు బదులుగా శిక్ష భరించడంగా చెప్పారు. వీటిలో ఒక్కటే నిజమని వాదించనక్కరలేదు, మూడింటికీ లేఖనాధారం ఉంది.

"రక్షణ పొందాను" అనాలా, "పొందుతున్నాను" అనాలా?

మూడు కాలాలూ బైబిల్లో ఉన్నాయి. ఎఫెసీ 2:8లో "కృపచేతనే రక్షింపబడియున్నారు" అని జరిగిపోయిన సంగతిగా ఉంది. 1 కొరింథీ 1:18లో రక్షింపబడుతున్నవారి గురించి ఉంది. రోమా 5:9లో ఇకముందు ఉగ్రత నుంచి రక్షింపబడతామని ఉంది. శిక్ష నుంచి తప్పించడం జరిగిపోయింది, పాపపు పట్టు నుంచి విడుదల జరుగుతోంది, పాపం అసలే లేని స్థితి రావాల్సి ఉంది. గొడవలు ఎక్కువగా ఒకరు మొదటి కాలంలో, మరొకరు రెండో కాలంలో మాట్లాడటం వల్లే వస్తాయి.

రక్షణ పొందడానికి నేను ఏమి చేయాలి? వరుసగా చెప్పండి.

ఇదే మాటను ఫిలిప్పీ చెరసాల నాయకుడు అడిగాడు (అపొస్తలుల కార్యములు 16). ఆ రాత్రి జరిగిన క్రమం చూడండి. "ప్రభువైన యేసునందు విశ్వాసముంచుము" అన్నారు. అతనికీ ఇంటివారికీ వాక్యం బోధించారు. అతడు ఆ రాత్రే పౌలు సీలల గాయాలు కడిగాడు. తర్వాత బాప్తిస్మం పొందాడు. తర్వాత ఇంటికి తీసుకెళ్లి భోజనం పెట్టాడు. మొదట వినడం, నమ్మడం. వాటి వెంటే కడగడం, పెట్టడం. ఈ వరుసను తిరగేస్తే చిక్కు మొదలవుతుంది.

మీ విషయంలో ఇలా మొదలుపెట్టండి. ముందు సువార్తలో ఒకటి, లూకా అయితే మేలు, 24 అధ్యాయాలూ చదవండి. ఎవరిని నమ్ముతున్నారో తెలియకుండా నమ్మకం ఉండదు. తర్వాత మీ పాపాన్ని పేరు పెట్టి ఒప్పుకోండి. "నేను పాపిని ప్రభువా" అనడం తేలిక. "అన్న వాటా పొలం కాగితాల మీద నేను దొంగ సంతకం పెట్టాను" అనడం కష్టం. రెండోదే ఒప్పుకోలు. ఆ తర్వాత క్రీస్తు చేసినది మీ కోసమేనని ఆయన మీద ఆనుకోండి. ప్రార్థనకు నిర్ణీతమైన మాటలు లేవు. లూకా 18లో సుంకరి "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్న ఒక్క మాటతోనే నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్లాడు. చివరగా దాన్ని నోటితో ఒప్పుకోవాలి (రోమా 10:9), ఒక సంఘంలో చేరాలి.

సువార్త కూటాల్లో చెయ్యి ఎత్తమంటారు, కార్డు నింపమంటారు, బోధకుడి వెంట ప్రార్థన పలకమంటారు. వాటిలో తప్పు లేదు, కానీ వాటిలో ఏదీ రక్షణ కాదు. చెయ్యి ఎత్తినవారిని లెక్కపెట్టి రక్షణ పొందినవారి సంఖ్యగా ప్రకటించడం మాత్రం సరికాదు.

మారుమనస్సు అంటే ఏడవడమా? నాకు కన్నీళ్లు రావడం లేదు.

కన్నీళ్లు కొలత కాదు. పేతురు వెక్కి వెక్కి ఏడ్చాడు, యూదా కూడా పశ్చాత్తాపపడి వెండి నాణేలు తిరిగి ఇచ్చాడు. ఒకడు యేసు దగ్గరకు తిరిగి వచ్చాడు, రెండోవాడు రాలేదు. తేడా తిరగడంలోనే ఉంది. 2 కొరింథీ 7:10 దైవచిత్తానుసారమైన దుఃఖాన్నీ లోకసంబంధమైన దుఃఖాన్నీ విడదీసి చెప్పేది ఇందుకే.

చేయగలిగిన చోట సరిదిద్దడం మారుమనస్సులో భాగం. జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ధర్మశాస్త్రం అన్యాయంగా తీసుకున్న అసలుకు అయిదో వంతు కలిపి ఇవ్వమంది (లేవీ 6:5): పదివేలు తీసుకుంటే పన్నెండు వేలు. ఇది రక్షణకు చెల్లించే ధర కాదు, జక్కయ్య ఇంటికి యేసు అంతకుముందే వచ్చేశాడు. తిరిగి ఇవ్వడం వల్ల మూడో మనిషి పరువుగానీ ప్రాణంగానీ ప్రమాదంలో పడే సందర్భాల్లో, ముఖ్యంగా వివాహేతర సంబంధాల విషయంలో, ముందు నమ్మకమైన కాపరితో మాట్లాడి అడుగు వేయండి. సాక్ష్యం పేరుతో మైకు ముందు అన్నీ చెప్పేయడం వల్ల కుటుంబాలు చెదిరిపోతాయి.

బాప్తిస్మం తీసుకోకపోతే రక్షణ లేనట్టేనా?

ఇక్కడ సంఘాలు నిజంగానే వేరువేరుగా చెబుతాయి. బాప్టిస్టు, బ్రదరెన్, హెబ్రోను సహవాసాలు, పెంతెకొస్తు సంఘాల్లో ఎక్కువ భాగం బాప్తిస్మాన్ని అప్పటికే కలిగిన రక్షణకు సాక్ష్యంగా చూస్తాయి, విశ్వసించినవారికే ముంచి ఇస్తాయి. కతోలిక సంఘం జ్ఞానస్నానం (బాప్తిస్మం) ద్వారానే జన్మపాపం తొలగి దేవవరప్రసాదం కలుగుతుందని బోధిస్తుంది. లూథరన్లు కూడా దాన్ని దేవుడు పనిచేసే సాధనంగా చూస్తారు. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్, కతోలిక సంఘాలు పసిపిల్లలకు ఇస్తాయి. క్రీస్తు సంఘాలు అపొ. 2:38 ఆధారంగా పాపక్షమాపణ కోసం బాప్తిస్మం తప్పనిసరి అంటాయి.

సిలువ మీది దొంగకు బాప్తిస్మం జరగలేదు, అయినా "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్న మాట విన్నాడు. దీన్ని బట్టి బాప్తిస్మం లేని చోట దేవుడు చేతులు ముడుచుకోడని తెలుస్తుంది. అయితే అవకాశం ఉండి కూడా వాయిదా వేయడానికి ఆ దొంగను సాకుగా వాడుకోవడం కుదరదు. అతనికి దిగడానికి అవకాశమే లేదు.

తొందరపెట్టి ఇవ్వడం ఇంకో పొరపాటు. మన నేల మీదే దీనికి మంచి పాఠం ఉంది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. కూలి కోసం, గంజి కోసం బాప్తిస్మం అడుగుతారేమోనని ఆ కాలంలో ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఆరుగురు బోధకులు, ఒక్కో విడత ఇద్దరు చొప్పున, 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ సంఖ్య గురించే అందరూ చెప్పుకుంటారు. దాని ముందున్న నిరీక్షణే మాకు పెద్ద సంగతిగా కనిపిస్తుంది.

బాప్తిస్మం తీసుకుంటే ఎస్సీ సర్టిఫికెట్ పోతుందా?

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు ఉంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు విస్తరించలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారినవారు, వారి సంతానం బీసీ-సి కిందికి వస్తారు. ఎస్టీ హోదాకు మతంతో ముడిలేదు. చట్టం న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. కాపరి మాత్రం ఈ విషయాన్ని బాప్తిస్మానికి ముందే కుటుంబానికి చెప్పాలి, రిజిస్టరులో రాయకుండా దాచిపెడదామని సలహా ఇవ్వకూడదు. ఖర్చు తెలిసి వచ్చేవాడికి కృప విలువ తగ్గదు.

పౌలు విశ్వాసమంటాడు, యాకోబు క్రియలంటాడు. ఎవరిని నమ్మాలి?

ఇద్దరూ అబ్రాహామునే చూపిస్తారు, కానీ అతని జీవితంలో వేరువేరు ఘట్టాలను. పౌలు ఆదికాండము 15:6 తీసుకుంటాడు: "అబ్రాహాము దేవుని నమ్మెను, అది అతనికి నీతిగా ఎంచబడెను." యాకోబు 22వ అధ్యాయంలో ఇస్సాకును అర్పించిన ఘట్టం తీసుకుంటాడు.

వయసులు లెక్కవేస్తే పౌలు వాదం ఇంకా స్పష్టమవుతుంది. ఇష్మాయేలు పుట్టేనాటికి అబ్రాహాముకు 86 ఏళ్లు (16:16). సున్నతి పొందేనాటికి 99 (17:24). నీతిగా ఎంచబడింది ఇష్మాయేలు పుట్టకముందే. కాబట్టి సున్నతికి కనీసం పదమూడేళ్ల ముందే అతడు నీతిమంతుడు. రోమా 4:10లో పౌలు అడిగేది సరిగ్గా ఇదే: సున్నతి లేనప్పుడా, ఉన్నప్పుడా? ఇక 22వ అధ్యాయం ఇస్సాకు పుట్టి, పెరిగి, కట్టెలు మోయగలిగే వయసు వచ్చాక జరిగింది. యాకోబు తిట్టింది అన్నవస్త్రాలు లేని సహోదరుణ్ణి చూసి "సమాధానముగా వెళ్లుడి" అని సాగనంపే నోటిమాట విశ్వాసాన్ని. పౌలు తిట్టింది దేవుని ముందు క్రియల చిట్టా పట్టుకుని నిలబడటాన్ని. శత్రువులు వేరైనప్పుడు ఆయుధాలు వేరుగా ఉంటాయి.

కతోలికులు క్రియల వల్ల రక్షణ అంటారు కదా?

అలా అనరు. ఈ అపోహ మన ప్రొటెస్టెంటు ప్రసంగాల్లో మరీ ఎక్కువ. మనిషి తన సొంత శక్తితో రక్షణ మొదలుపెట్టగలడన్న పెలాగియుస్ బోధను 418లో కార్తేజ్ సభ ఖండించింది. 529లో ఆరెంజ్ సభ విశ్వాసానికి తొలి కదలిక కూడా కృపేనంది. 1547 జనవరిలో కతోలిక సంఘపు ట్రెంట్ సభ కూడా క్రీస్తు కృప లేకుండా మనిషి తన క్రియలతో నీతిమంతుడు కాగలడనేవారిని ఖండించింది.

అసలు తేడా వేరే చోట ఉంది. లూథర్, కాల్విన్ బోధలో నీతిమంతుడని తీర్చడం ఒక తీర్పు, క్రీస్తు నీతి మన లెక్కలో చేరడం. పరిశుద్ధత దాని వెంట వచ్చే వేరే పని. ట్రెంట్ బోధలో ఆ నీతి మనిషి లోపలికి వచ్చి అతన్ని మారుస్తుంది, అది ఎదగగలదు, చావైన పాపం వల్ల పోగలదు, పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపం ఒప్పుకోవడం) ద్వారా తిరిగి దొరకగలదు. చనిపోయాక ఆత్మ శుద్ధి పొందే ఉత్తరించు స్థలం గురించిన బోధ కూడా ఈ ఆలోచనతోనే ముడిపడి ఉంది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కతోలిక సంఘం, లూథరన్ ప్రపంచ సమాఖ్య నీతిమంతులుగా తీర్చబడటం గురించి ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. 2006లో మెథడిస్టులు దానికి సమ్మతి తెలిపారు. తేడాలన్నీ తీరిపోయాయని అందులో లేదు. పాత శాపవాక్యాలు నేటి బోధకు వర్తించవని ఉంది.

ఒకసారి పొందిన రక్షణ పోతుందా?

1610లో నెదర్లాండ్స్‌లో ఆర్మీనియుస్ అనే వేదాంతి అనుచరులు రక్షణ గురించి ఐదు అంశాలు ముందుకు తెచ్చారు. 1618-19లో డోర్ట్ సభ వాటికి జవాబిచ్చింది. అప్పటి నుంచి రెండు వైపులా ఉన్నాయి. ఎన్నుకోబడినవారు చివరి వరకు నిలుస్తారనేవారు యోహాను 10:28 చూపిస్తారు. విశ్వాసం విడిచి పడిపోగలరనేవారు హెబ్రీ 6:4-6 చూపిస్తారు. మన పెంతెకొస్తు సంఘాల్లో రెండోదే ఎక్కువ వినబడుతుంది.

ఈ ప్రశ్న అడిగేవారు రెండు రకాలు. నా పాపం వల్ల రక్షణ పోయిందేమోనని నిద్రపట్టనివాడు మొదటి రకం. అతనికి యోహాను 6:37 చదివి వినిపించండి, హెబ్రీ 6 తర్వాత చదువుకోవచ్చు. భయపడుతున్నాడంటేనే విడిచిపెట్టలేదని అర్థం. ఎలాగూ పోదు కాబట్టి ఏం చేసినా ఫరవాలేదనేవాడు రెండో రకం. అతనికి హెబ్రీ 6 ముందు. బోధ ఎంత సరైనదైనా తప్పు మనిషికి చెబితే హాని చేస్తుంది.

నేను ఏ తేదీన రక్షణ పొందానో నాకు తెలియదు. నా రక్షణ నిజమేనా?

కూటాల్లో "ఫలానా సంవత్సరం ఫలానా నెలలో" అని సాక్ష్యాలు వినీ వినీ విశ్వాసుల ఇళ్లలో పెరిగిన పిల్లలు తమకేదో తక్కువైందనుకుంటారు. పౌలుకు దమస్కు మార్గం ఉంది. తిమోతికి అమ్మమ్మ లోయి, తల్లి యునీకే, బాల్యం నుంచి ఎరిగిన లేఖనాలు ఉన్నాయి (2 తిమోతి 1:5, 3:15). తిమోతిని పౌలు తేదీ అడగలేదు. 1738 మే 24న రాత్రి లండన్ ఆల్డర్స్‌గేట్ వీధిలో మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ హృదయం వింతగా వెచ్చబడిందంటారు, నిజమే. అయితే అప్పటికే అతడు పదేళ్లకు పైగా సేవకుడిగా ఉండి, అమెరికా దాకా వెళ్లి వచ్చినవాడు, ఆ రాత్రి తర్వాత కూడా సందేహాలతో పోరాడాడు.

నిశ్చయతకు యోహాను మొదటి పత్రిక అడిగే ప్రశ్నలు వేరు: ఇప్పుడు క్రీస్తును నమ్ముతున్నావా? సహోదరుణ్ణి ప్రేమిస్తున్నావా? పాపాన్ని ఒప్పుకుంటున్నావా? అన్నీ వర్తమానంలో ఉన్నాయి.

కృపే అయితే ఇష్టం వచ్చినట్టు బతకవచ్చా?

"కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా?" అని పౌలే అడిగి, అట్లనరాదు అన్నాడు. తీతు 2:11-12లో కృపే భక్తిహీనత విడిచిపెట్టమని బోధిస్తుందని ఉంది. ఎవరూ ఈ ప్రశ్న అడగని విధంగా మీ బోధ ఉంటే, బహుశా అది కృప బోధ కాదు.

దశమభాగం ఇవ్వకపోతే శాపం వస్తుందా? ప్రత్యేక కానుక వేస్తే కార్యం జరుగుతుందా?

మలాకీ 3 ఇశ్రాయేలుకు, ఆలయానికి, ధాన్యపు కొట్లకు సంబంధించిన మాట. దానితో విశ్వాసిని శాపం పేరుతో బెదిరించడం గలతీ 3:13కు ఎదురు: క్రీస్తు మన కోసం శాపమై మనలను విమోచించాడు. కొత్త నిబంధనలో ఇవ్వడానికి కొలత 2 కొరింథీ 8, 9 అధ్యాయాల్లో ఉంది: సణుగుతూ కాదు, బలవంతంగా కాదు, ఉన్నదాన్ని బట్టి. పదోవంతు ఒక మంచి అలవాటుగా పెట్టుకునేవారు పెట్టుకోవచ్చు.

ప్రార్థన నూనె సీసాకు ఇంత, ఇంటికొచ్చి ప్రార్థిస్తే ఇంత, పంట పండాలంటే ముందు "విత్తన కానుక" ఇంత అనేచోట ఆగి ఆలోచించండి. సమరయలో సీమోను ఆత్మ వరాన్ని డబ్బిచ్చి కొనబోతే పేతురు అన్నాడు: "నీ వెండి నీతోకూడ నశించునుగాక." మొక్కుబడి వ్యాపారం వదిలి వచ్చామని చెప్పుకుంటూ అదే లెక్కను కొత్త పేరుతో నడపడం కన్నా కృపకు పెద్ద అవమానం ఉండదు. సేవకుడి జీతానికి, సంఘ ఖర్చులకు ఇవ్వడం వేరు సంగతి, అది న్యాయం.

బాప్తిస్మం జరగకుండానే పసిబిడ్డ చనిపోయింది. ఏమవుతుంది?

ఆదరణ కూటంలో ఈ ప్రశ్న వస్తే వాదన పెట్టుకోకండి. దావీదు తన బిడ్డ చనిపోయినప్పుడు నేను వాని యొద్దకు పోతాను అన్నాడు (2 సమూయేలు 12:23). యేసు పిల్లల్ని ఎత్తుకుని దీవించాడు. కతోలికుల్లో పాతకాలపు లింబో భావన (అలాంటి శిశువులు పరలోకానికీ నరకానికీ చెందని చోట ఉంటారనేది) గురించి 2007లో వాటికన్‌కు చెందిన అంతర్జాతీయ వేదాంత కమిషన్, అలాంటి శిశువులు రక్షణ పొందుతారని ఆశించడానికి గట్టి కారణాలున్నాయని రాసింది. తల్లికి ఇంత చెప్పి, ఆమె పక్కన కూర్చోండి.

ఇంట్లోవాళ్లు ఒప్పుకోవడం లేదు. నేను విశ్వసించాను, ఏం చేయాలి?

ఇంట్లో మాట్లాడకుండా పారిపోవద్దు, వెక్కిరించవద్దు, దేవుడి పటాల మీద చెయ్యి వేయవద్దు. 18 ఏళ్లు నిండకపోతే తల్లిదండ్రులకు తెలియకుండా ఏ సంఘమూ మీకు బాప్తిస్మం ఇవ్వకూడదని మా గట్టి అభిప్రాయం. విశ్వాసానికి మాత్రం ఎవరి సంతకమూ అక్కరలేదు. 1 పేతురు 3:1-2 అవిశ్వాసి భర్త గల స్త్రీలకు రాసింది. వాక్యం లేకుండా ప్రవర్తన చేత రాబట్టుకోవచ్చని అందులో ఉంది. రోజూ ఎఫెసీ పత్రికలో ఒక అధ్యాయం చదవండి, ఆరు రోజులు పడుతుంది. తర్వాత రోమాలో 3 నుంచి 8 వరకు నెమ్మదిగా చదవండి. అర్థం కానిచోట గుర్తు పెట్టుకుని, ఆదివారం కాపరిని అడగండి.